గోడమీఁది లక్ష్మీదేవి పటము

శ్రావణమాసము రాఁబోవుచున్నదని మా యింట గోడలకు సున్నము వేయించుచుండఁగా, పూజగదిలోని లక్ష్మీదేవి పటము మేకునుండి జాఱి క్రిందఁ బడి, అద్దము పగిలినది. అది మా అత్తగారి అత్తగారు కాపురమునకు వచ్చునపుడు పుట్టింటినుండి తెచ్చుకొన్న పటము. చిత్రకళాశాలలోఁ జదువుకొనుచున్న మా చిన్న యాడుబిడ్డ దానిని చేతఁ బట్టుకొని, "వదినా, ఇఁక దీనిని గోడకు ఎక్కించకండి. దొరల పద్ధతిని వ్రాసిన బొమ్మ యిది. మనది కాదు" అన్నది. మా అత్తగారు ఊరకుండలేదు. "మనది కాకపోతే ఇన్నేండ్లనుండి మన పూజలు ఎట్లా అందుకొన్నదే?" అన్నారు.

ఇద్దఱి మాటలును మాకు నిజములుగానే తోఁచినవి. కావున ఆ సాయంకాలము పటమును ఒడిలోఁ బెట్టుకొని, అందులో మనది యేది, పరులది యేది యని శ్రద్ధగాఁ బరికించితిమి. అట్లు చూచినదానినే సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఈ చిత్రమును వ్రాసినవారు రాజా రవివర్మగారు. వారు 1848లో తిరువాన్కూరు సంస్థానమందలి కిళిమానూరులో జన్మించి, 1906లోఁ బరమపదించిరి. బాల్యమున వారికి తైలవర్ణ చిత్రలేఖనము నేర్పుటకు ఆస్థాన చిత్రకారుఁ డంగీకరింపలేదు. 1868లో థియొడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుఁడు ఆ కొలువునకు రాఁగా, అతఁడు వ్రాయుచుండఁగాఁ జూచుటకు మాత్రము అనుమతి లభించినది. చూచినదానిని ఇంటికి వచ్చి తామే సాధనచేసి నేర్చుకొనిరి. అన్నదమ్ములకు గురువుగారు చెప్పు పాఠమును తలుపుచాటున నిలిచి విని, కావ్యములు చదువ నేర్చిన మాబోంట్లకు ఈ వృత్తాంతము మిక్కిలి దగ్గఱగాఁ దోఁచును. వినికిడిచే వచ్చిన విద్య పరవిద్య యగునా?

ఇఁక పటమును జూతము. దేవి పద్మముపై నిలిచి మనవంక సూటిగాఁ జూచుచున్నది. చేతులు నాలుగు, రెంటఁ బద్మములు గలవు. ఈ యూహ యంతయు మన శాస్త్రములది, మన శిల్పులది. ఒడ్డున నొక యేనుఁగు తొండముతోఁ బూలమాల నందించుచున్నది. గజలక్ష్మి మనకుఁ గ్రొత్త కాదు. సాంచీ స్తూపమునందు రెండువేల యేండ్ల క్రిందటనే రెండేనుఁగులు దేవికి అభిషేకము చేయుచున్నట్లు చెక్కిరి. మన పాత యిండ్ల ద్వారబంధములపై నేఁటికిని ఆ రూపమే కానవచ్చును.

అయినను ఒక భేదమున్నది. శిల్పములో ఏనుఁగు దేవికంటెఁ జిన్నది, ఏల? దేవి గొప్పది గనుక. పటములోను ఏనుఁగు చిన్నదే. కాని యది దూరమున నున్నది గనుక. దవ్వుననున్న వస్తువు చిన్నదిగాఁ గనఁబడునట్లు లెక్క ప్రకారము వ్రాయుట ఐరోపావారి విద్య. అట్లే వెలుఁగు ఒకవైపునుండి పడి చెక్కిలి గుండ్రమగుటయు, వస్త్రపు ముడుతలలో నీడ నిలుచుటయు, వెనుకటి చెట్లు మంచులో వలె మసకబాఱుటయు వారివే. కాని ఫలమును జూడుఁడు. వారి లెక్కచే వ్రాసినను దేవియే పెద్దదిగా నిలిచినది. విద్య వారిది, ఆ విద్య చేసిన సేవ మాత్రము మన భక్తికే. రెండు నదులు గలిసినచోట ఏ చుక్క యే నదిదో చెప్పఁగలమా?

కట్టిన చీరయుఁ దలఁపఁదగినది. రవివర్మగారి యింటి స్త్రీలు కట్టునది తెల్లని ముండు, రంగుచీర కాదు. బరోడా మహారాజుగారికిఁ బురాణచిత్రములు వ్రాయుటకు ముందు, తమ్ముఁడగు రాజరాజవర్మగారితోఁ గూడ ఉత్తరదేశమెల్లఁ దిరిగి, స్త్రీల వేషములను పరిశీలించిరి. తుదకు దేవతాస్త్రీలకుఁ జీర గట్టి, పైట వేసిరి. ఆ దేవిని ఏ సీమవారు చూచినను "మా యింటి ముత్తైదువ" యనుకొనిరి.

1894లో వారు బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించిరి. 1899లో అది లోనావాలా దగ్గఱనున్న మళవలి గ్రామమునకు మాఱినది. పిమ్మట ఫ్రిట్జ్ ష్లైకర్ అను జర్మను నిపుణుని చేతికి వచ్చినది. నున్నని రాతిపలకపై జిడ్డుసిరాతో బొమ్మను దింపి తడిపెదరు. తడి నిలిచినచోట రంగంటదు, జిడ్డున్నచోటనే యంటును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. ఒకే కాగితము ఆ రాళ్లన్నిటిమీఁదను వరుసగాఁ బడి, తైలచిత్రమువలె మెఱయుచు వెలికి వచ్చును. రాజుల కోటలలో మాత్రముండిన చిత్రము ఇట్లు సామాన్యుల యిండ్లకుఁ జేరినది.

ఇందు మఱియొక విశేష మున్నది. ఆ దినములలో ఎందఱికో దేవాలయ ప్రవేశము లేదు. రవివర్మగారు పుట్టిన తిరువాన్కూరులోనే అన్ని కులములవారికిని గుడితలుపులు తెఱచిన రాజశాసనము 1936 నవంబరు 12న వెలువడినది. అంతకు నలువది యేండ్లు ముందుగనే ఈ కాగితపు లక్ష్మి అట్టివారి గుడిసెల గోడలపై నిలువఁగలిగినది. పూజారి చూపినంతసేపే చూడవలెనను నియమము కాగితమునకు లేదు.

మా యాడుబిడ్డ పక్షమునఁ జెప్పవలసినదియు గలదు. ఈ చిత్రములలో మన ప్రాచీన కళయొక్క అంతర్భావము లేదని ఆనంద కుమారస్వామివంటి పండితులు ఆక్షేపించిరి. అంతకంటె మమ్ము బాధించునది మేనిచాయ. శ్రీసూక్తము దేవిని బంగారువన్నె గలదానినిగా స్తుతించినది. పటములోని తెల్లని చాయ మాత్రము ఎన్నో యిండ్లలో ఆఁడుపిల్లల యందమునకుఁ గొలఁబద్ద యైపోయినది. చామనచాయ గల మా కూఁతురు ఒకనాఁడు ఈ పటము ముందు నిలిచి, "అమ్మా, నేను లక్ష్మి నెందుకు కాను?" అని యడిగినది. కలయికలో వచ్చినదెల్ల మేలని మే మనఁజాలము.

ఇట్లు తలపోయుచు పగిలిన యద్దమును మెల్లగాఁ దీసితిమి. అప్పుడు గదా కనఁబడినది! చీరయంచు పొడవునను అచ్చులో లేని జరీదారము. హారములపై వరుసగాఁ గుట్టిన తళుకులు. అద్దము మసకబాఱుటచే ఇన్నేండ్లు మే మెఱుఁగలేదు. వెనుకకుఁ ద్రిప్పితిమి. కాగితము చినుఁగకుండ వేసిన చిన్నచిన్న ముడులు. ఆ కాలమున నిట్లు పటములకు అలంకారములు కుట్టుట స్త్రీల వేడుక. అత్తగారు ముడులను వ్రేలితోఁ దడవి, "ఇది మా అత్తగారి కుట్టే. ఆమె ముడి రెండుచుట్లు తిరిగి ఉండేది" అని కన్నులు తుడుచుకొన్నారు.

మలయాళ చిత్రకారుఁడు, ఐరోపా వర్ణములు, జర్మను యంత్రజ్ఞుఁడు, బొంబాయి సీమ ముద్రణము: వీని యన్నిటికిని కడపట, చదువెఱుఁగని తెలుఁగింటి కోడలి సూది. ఆమె "ఇది మనదా?" యని యడుగలేదు, కుట్టి మనదిగాఁ జేసినది.

ఆడుబిడ్డ చాలసేపు ముడులనే చూచినది. మఱునాఁడు తానే బజారునకుఁ బోయి క్రొత్త యద్దము గట్టించి తెచ్చినది. "చాయ విషయములో మాత్రము నేను ఒప్పుకోను, వదినా" అన్నది. "ఒప్పుకొనవద్దు. నీవు వ్రాయఁబోవు లక్ష్మికి మన పిల్ల చాయ వేయుము. దానిని ఈ పటము ప్రక్కనే పెట్టుదము" అంటిమి. అత్తగారు అవునని తల యూఁచినారు. గోడపై రెండవ మేకు నప్పుడే కొట్టించి యుంచితిమి.