దేశం బంగారం తాకట్టు పెట్టిన సంవత్సరం : 1991

బంగారం తాకట్టు పెట్టడమంటే ఏమిటో మన తల్లులకు ఎవరూ వివరించనక్కరలేదు. పిల్లవాని ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో మెడలో గొలుసు తీసి, కొంగున ముడివేసుకొని బ్యాంకుకు వెళ్ళినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. 1991లో ఒక దేశమే ఆ పని చేసింది. ఆ దేశం మనదే.

దీనికి మూలం ఒక యుద్ధం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. గోదావరి జిల్లాల నుండి, కడప జిల్లా నుండి డ్రైవర్లుగా, వంటవారుగా, ఇంటి పనివారుగా వెళ్ళిన మనవారు అక్కడ చిక్కుకుపోయారు. ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరినవారిలో లక్షమందికి పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి తీసుకొచ్చారు. మా చిన్నాన్న వారిలో ఒకడు. అప్పటికి నాకు పదేళ్ళు నిండలేదు. ఒక చేతిసంచితో బస్సు దిగాడు. రావలసిన జీతం అక్కడే ఉండిపోయింది. 1991 జనవరి 17న అమెరికా కూటమి బాంబుదాడులు ప్రారంభించింది, ఫిబ్రవరి 28న యుద్ధం ఆగింది. ఇరాక్ సైనికులు పోతూ పోతూ అంటించిన ఆరువందలకు పైగా చమురు బావులను పూర్తిగా ఆర్పేసరికి నవంబరు వచ్చింది.

ఆ మంటల సెగ మన ఖజానాకు తగిలింది. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుండి వచ్చే సొమ్ము తగ్గింది. అయితే తప్పంతా యుద్ధానిదే అనడం న్యాయం కాదు. ఆదాయానికి మించి ఖర్చుచేయడం, విదేశీ అప్పులు తేవడం అంతకు కొన్నేళ్ళ ముందునుండే ఉన్నాయి. చంద్రశేఖర్ ప్రభుత్వం మార్చిలో రాజీనామా చేసింది. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్యకు గురయ్యారు. జూన్ నాటికి మన వద్దనున్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోతుంది.

స్మగ్లర్ల వద్ద పట్టుబడిన 20 టన్నుల బంగారాన్ని ముందుగా మే నెలలో స్విట్జర్లాండు బ్యాంకుకు పంపారు. అది చాలలేదు. జులైలో రిజర్వు బ్యాంకు తన సొంత నిల్వలోనుండి సుమారు 47 టన్నులు లండన్‌కు పంపి, ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల వద్ద దాదాపు 40 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. రహస్యంగా చేసిన పని పత్రికలకెక్కింది. జనం సిగ్గుపడ్డారు. అయితే కట్టవలసిన వాయిదా ఒక్కటీ తప్పలేదు, ఆ సంవత్సరం ముగియకముందే ఆ అప్పు తీరిపోయింది.

జూన్ 21న ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు ఆ ఎన్నికలలో పోటీయే చేయలేదు. హైదరాబాదు వచ్చేయడానికి పుస్తకాలు సర్దుకొన్న మనిషి! నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో నిలబడినప్పుడు, తెలుగు బిడ్డ అని తెలుగుదేశం తన అభ్యర్థిని పెట్టలేదు. ఈనాటి రాజకీయాలలో అటువంటి మర్యాద వెదకినా దొరకదు. జులై 1న, 3న రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. జులై 24న 18 పరిశ్రమలు మినహా మిగిలినవాటికి లైసెన్సు అవసరం తీసివేశారు. అదే రోజు మన్మోహన్ సింగ్ గారు బడ్జెట్ చదివారు. పట్టణాలవారు ఆ బడ్జెట్‌ను లైసెన్సుల కోసం గుర్తుపెట్టుకొంటారు. పల్లెవారికి గుర్తున్నది ఎరువు. ధర 40 శాతం పెంచుతామన్నారు, గొడవయ్యాక 30 శాతానికి దించారు.

ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికా జాతి వివక్ష చట్టాలలో ముఖ్యమైనవి రద్దుచేసింది. బేరూతులో దాదాపు ఐదేళ్ళు బందీగా ఉన్న ఆంగ్లికన్ సంఘ దూత టెర్రీ వెయిట్ నవంబరులో విడుదలయ్యాడు.

ఇక సోవియట్ యూనియన్. ఆగస్టు 19న గోర్బచేవ్‌ను నిర్బంధించి అధికారం చేజిక్కించుకోబోయినవారు మూడు రోజులలో ఓడిపోయారు. డిసెంబరు 25న ఆయన రాజీనామా చేశాడు. క్రెమ్లిన్ మీదనుండి ఎర్రజెండా దిగింది. మనకు అది క్రిస్మస్ దినం. రష్యా సంఘం క్రిస్మస్ జనవరి 7న గనుక అక్కడ మామూలు పనిదినమే. దేవాలయాలను కూల్చిన ఆ ప్రభుత్వం చివరి రోజులలో, అదే 1991 నుండి, జనవరి 7ను రష్యాలో సెలవుదినం చేశారు. ఒక సామ్రాజ్యం పదిహేను దేశాలైంది. గుంటూరు, ప్రకాశం పొగాకుకు సోవియట్ పెద్ద కొనుగోలుదారు. పొగాకు మంచిదని నేననను. కాని పండించిన రైతుకు కొనేవాడే లేకుండా పోవడం చిన్న సంగతి కాదు. విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవకగా దొరికే, నున్నని కాగితాల తెలుగు అనువాదాలు కూడా రావడం ఆగిపోయాయి.

రిజర్వు బ్యాంకు 2024లో ఇంగ్లండు నుండి 100 టన్నుల బంగారాన్ని మన దేశానికి తెచ్చుకొంది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా పిన్ని గుర్తుకొచ్చింది. 1992లో చిన్నాన్న మళ్ళీ కువైట్ బయలుదేరాడు. టిక్కెట్టుకు ఆమె తన గొలుసు తాకట్టు పెట్టింది. దానిని విడిపించడానికి రెండేళ్ళు పట్టింది.