గోనె మూతిలో రూకలు

ఐగుప్తులో ధాన్యం కొని ఇల్లు చేరిన యాకోబు కుమారులు గోనెలు విప్పితే, తాము చెల్లించిన రూకలు వాటిలోనే ఉన్నాయి. వారు భయపడ్డారు. పొరపాటేమోనని యాకోబు ఆ రూకలను తిరిగి పంపాడు. మనమైతే ఆదాయపు పన్ను రీఫండ్ పడగానే సంబరపడతాం! కట్టని ఇంటి అద్దె, లేని బీమా చూపి రాబట్టింది మన సొమ్మెలా అవుతుంది? 2023లో హైదరాబాద్‌లో ఇలాంటి దొంగ రీఫండ్లపైనే ఐటీ శాఖ తనిఖీలు చేసింది.

నల్లగొండలో ఉద్యోగం చేసుకునే మాకు ఈసారి వచ్చింది జీతంలో ఎక్కువగా కోసిన మా సొమ్మే. నెలకు అర శాతం చొప్పున వడ్డీ కూడా కలిసింది (దాన్ని మళ్లీ ఆదాయంలో చూపాలి సుమా). మొత్తం జీతంపై దశమభాగం ముందే ఇచ్చాం గనుక, ఫ్రిజ్ కొందామనుకున్నాం. ఇంతలో పాలమూరు నుంచి మా అన్న ఫోన్. బోరుకు అప్పు తెచ్చాడు, నీళ్లు పడలేదు. మిత్తి నూటికి నెలకు మూడు రూపాయలు.

రీఫండ్ అటే పంపాం. పాత ఫ్రిజ్ చప్పుడు చేస్తోంది గానీ, పాలు విరగడం లేదు.