చెరువు నిండాకే గూడు

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు చెరువులో కడప చెట్ల మొదళ్లు నీట మునిగాకే గూడబాతులు పుల్లలు ఏరడం మొదలుపెడతాయి. అక్టోబరు, నవంబరుల్లో వచ్చినా, వచ్చిన పక్షులన్నీ గుడ్లు పెడతాయని లేదు. ముందు నీళ్లు నిలవాలి.

ఎన్నాళ్లు నిలవాలో లెక్క వేయండి. రెండు మూడు గుడ్లు పొదగడానికి నెల. పిల్ల ఎగరడానికి మరో మూడు నెలల పైమాటే. అన్నాళ్లూ చెట్ల చుట్టూ ఉన్న నీరే కోట చుట్టూ కందకం. అది ఇంకిపోతే నక్కలూ కుక్కలూ చెట్ల కిందికి వచ్చేస్తాయి. గూట్లోంచి జారిపడిన పిల్ల ఇక దక్కదు.

మేత కోసం పెద్ద పక్షులు ఇరవై కిలోమీటర్ల దూరంలోని పులికాట్ సరస్సు దాకా వెళ్తాయి. అవి తిరిగి రాగానే పిల్ల వాటి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ చేపలు తింటుంది. దుర్భిణిలో మొదటిసారి చూసినప్పుడు, తల్లి పిల్లను మింగేస్తోందేమోనని నా గుండె ఝల్లుమంది.

ఇక చెరువు నింపే వాన సంగతి. ఈ ప్రాంతంలో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. దానికీ పసిఫిక్ మహాసముద్రానికీ లంకె ఉంది. అక్కడ మధ్య, తూర్పు భాగాల్లో నీరు వేడెక్కడమే ఎల్‌నినో. దేశంలో చాలాచోట్ల నైరుతి వానలను అది దెబ్బతీస్తుంది. కానీ జూన్‌లో రైతును భయపెట్టిన ఆ ఎల్‌నినోయే దక్షిణ కోస్తాలో అక్టోబరు తర్వాతి వానలను తరచూ పెంచుతుంది. 2015 నవంబరులో నెల్లూరు జిల్లా, చెన్నై వరద పాలైనప్పుడు పసిఫిక్‌లో బలమైన ఎల్‌నినో నడుస్తోంది. మరుసటి ఏడాది ఆ కాలానికి ఎల్‌నినో లేదు, ఈశాన్యం మొహం చాటేసింది. అందుకే ‘ఎల్‌నినో అంటే కరువు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు.

అలాగని వాన ఎంత ఎక్కువైతే అంత మేలనీ కాదు. పులికాట్‌లో రాజహంసలు లోతులేని నీళ్లలో నిలబడి, తలకిందులుగా ముంచిన ముక్కుతో మేత వడగట్టుకుంటాయి. నీరు వాటి కాళ్ల పొడవు దాటితే మరో చోటు వెతుక్కోవాల్సిందే.

గూడబాతులకు అసలు చిక్కు ఆలస్యంతోనే. నవంబరులో నిండాల్సిన చెరువు డిసెంబరు చివరి తుపానుకు నిండిందనుకోండి. జనవరిలో పెట్టిన గుడ్డు ఫిబ్రవరిలో పిల్ల అవుతుంది. దానికి ఎగరడం వచ్చేసరికి మే నెల ఎండలు, కింద నెర్రెలిచ్చిన చెరువు.