సొసైటీ టు సేవ్ రాక్స్

సొసైటీ టు సేవ్ రాక్స్ హైదరాబాదు, సికింద్రాబాదు పరిసరాలలోని ప్రాచీన శిలా సముదాయాల పరిరక్షణకై 1996లో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ. శిలల మధ్య సామూహిక నడకలు నిర్వహించుట దీని ముఖ్య కార్యక్రమము. రచయిత, విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి నరేంద్ర లూథర్ (మరణం 2021) దీనికి చాలాకాలం అధ్యక్షులుగా వ్యవహరించారు. కాప్రాకు దక్షిణాన గల మౌలాలి సమీపంలోని సెంటినెల్ రాక్ ఈ సంస్థ కృషి వలన వారసత్వ జాబితాలో చేరిన శిలలలో ఒకటి.

శిలల పుట్టుక

ఈ గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని అంచనా. భూగర్భంలో శిలాద్రవం చల్లబడి గట్టిపడగా ఇవి ఏర్పడినవి. కాలక్రమంలో పైపొరలు కొట్టుకుపోయి ఇవి బయల్పడినవి. ఎండకు, వానకు పగుళ్ళ వెంబడి రాయి అరిగి, ఉల్లిపొరల వలె ఊడిపోవుటచే గుండ్రని బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు మిగిలినవి.

నడకలు

సాధారణంగా కాలిబాటల సంరక్షణ అనగా పొదలు కొట్టుట, వాననీటికి కాలువ తీయుట, గుర్తులు వేయుట. అమెరికాలో 1937లో పూర్తయిన, సుమారు 3,500 కిలోమీటర్ల పొడవు గల అపలేచియన్ ట్రెయిల్‌ను స్వచ్ఛంద నడక సంఘాలు ఈ విధంగానే కాపాడుతున్నవి. హైదరాబాదు గుట్టల పరిస్థితి వేరు. ఇక్కడ బాట చాలావరకు బండ మీదనే సాగుతుంది. పొదలు మూసిన దారిని మరల తెరవవచ్చును గాని, పేల్చిన బండను మరల నిలుపుట అసాధ్యం. కంకర కొరకు, ఇళ్ళస్థలాల కొరకు శిలలను పగులగొట్టుట ఇచ్చటి ప్రధాన సమస్య. జనం తరచుగా నడిచే గుట్టపై కొత్తగా పడిన సమ్మెట దెబ్బ త్వరగా కంటబడుతుంది. కావున ఇక్కడ నడక కేవలం వినోదం కాదు, కావలి కూడా.

మౌలాలి గుట్ట

మౌలాలి గుట్టపై కుతుబ్‌షాహీల కాలంనాటి దర్గా ఉన్నది. భక్తులు బండపై నిర్మించిన మెట్ల మీదుగా ఏటా రజబ్ మాసంలో ఉర్సుకు చేరుకుంటారు. గుట్ట పాదం వద్ద కవయిత్రి మహ్ లఖా బాయి (1768-1824) సమాధి కలదు. కాప్రా, మల్కాజ్‌గిరి పురపాలక సంఘాలు 2007లో గ్రేటర్ హైదరాబాదులో విలీనమైనవి. ఈ ప్రాంతమంతా కాలనీలతో నిండిపోగా, శిలలు ఇళ్ళ నడుమ చిక్కుకున్నవి.

చట్టరక్షణ

సంస్థ ప్రయత్నం వలన హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ (హుడా) 13వ నిబంధన క్రింద తొమ్మిది శిలా సముదాయాలకు రక్షణ లభించినది. దుర్గం చెరువు చుట్టూ గల గుట్టలు, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోని పుట్టగొడుగు రాయి వీనిలో ఉన్నవి. ఆ నిబంధన 2015లో రద్దయినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినది. జాబితాలోకి ఎక్కని గుట్టలే అధికం. వాటి విషయంలో స్థానికుల అప్రమత్తతే ప్రధానాధారం.