సాయం రోడ్డు పక్కనే ఆగిపోరాదు

తిరుపతి: 2021 నవంబరు 18, 19 తేదీలలో కురిసిన కుంభవృష్టికి తిరుపతిలో పల్లపు వీధులు చెరువులైనాయి. స్వర్ణముఖి పొంగి పొర్లింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండిపడే ప్రమాదం కనిపించగా, దిగువ గ్రామాల వారిని ఇళ్లు ఖాళీ చేయించారు. అదృష్టవశాత్తు కట్ట నిలిచింది.

ఇటువంటి వేళ సాయపడే మనుషులకు కరువుండదు. ఏ చర్చిలో చూసినా యువజనులు, స్త్రీల సమాజాలు ఉంటాయి. వందమందికి వండగలవారు, ట్రాక్టరున్న రైతులు, నర్సులు, ఇంట్లో చేరిన బురద ఎత్తిపోయగల కుర్రవాళ్లు అందులోనే దొరుకుతారు. అయితే ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే కబురుండదు. ఫలితంగా రోడ్డు పక్క ఊరికి అన్నం పొట్లాలు రెండుసార్లు అందుతాయి. వంక అవతలి పల్లె పస్తుంటుంది.

చర్చిలకు ఈ సేవ కొత్తది కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలాది మందిని బలిగొన్న తరువాత, చర్చిల సేవాసంస్థ ‘కాసా’ కోస్తాలో తుపాను ఆశ్రయ భవనాలు కట్టించింది. నాడు ఉత్తరాలు, టెలిగ్రాములే ఆధారం. 2018 ఆగస్టు వరదలలో కేరళ ప్రభుత్వ ఐ.టి. మిషన్, స్వచ్ఛంద సాంకేతిక నిపుణులు కలిసి ‘కేరళ రెస్క్యూ’ వెబ్‌సైటును నడిపారు. సాయం కోరేవారు, చేయదలచినవారు అందులో నమోదు చేసుకున్నారు.

అటువంటిది మన చర్చిలకూ ఉంటే మేలు. తిరుపతి కేంద్రంగా గల దక్షిణాంధ్ర లూథరన్ సంఘం మొదలుకొని సంఘాలు ఎన్ని ఉన్నా జాబితా ఒక్కటే కావాలి.

ఎలా ఉండాలి?

అందులో ముందుగా కనిపించవలసినది అవసరం: ఏ ఊరు, ఎంతమంది, ఏం కావాలి, ఏ రోజుకు? ఊరిలో ఒకరు చూసి నిర్ధారించిన తరువాతే దానిని ఎక్కించాలి. సరిపడా మనుషులు కుదరగానే ‘పూర్తయింది’ అని గుర్తు పెట్టాలి. ఈ ఒక్క గుర్తుతోనే రెండో లారీ మరో పల్లెకు మళ్లుతుంది.

భాష తెలుగై ఉండాలి. సిగ్నలు సరిగా లేనిచోట కూడా తెరుచుకునేలా బొమ్మలు తక్కువగా ఉండాలి. స్మార్టుఫోను లేని ముసలమ్మ ఫోనులో చెబితే రాసుకునే మనిషి ఒకరుండాలి. ఆడపిల్లల ఫోను నంబర్లు అందరికీ కనిపించరాదు. సాయం కోరేవారిని మతం, కులం అడగరాదు. తహసీల్దారు కార్యాలయానికీ ఈ జాబితా తెలిసి ఉండాలి.

నీటిలో చిక్కుకున్నవారు మాత్రం వెబ్‌సైటు కోసం చూడక 112కు ఫోను చేయాలి. వెబ్‌సైటు పని ఆ తరువాతి రోజులలో మొదలవుతుంది.

ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుండి వస్తాయి. పేర్లు అంతకుముందే రాసుకోవాలి. వరద వచ్చాక జాబితా రాయబోతే, వంక అవతలి పల్లె మళ్లీ పస్తే.