బొగ్గు కలిపితే డాంబరు రోడ్డు అంటుకోదా?

ప్రశ్న: పత్తికట్టెను బొగ్గు చేసి, డాంబరులో కలిపి రోడ్డు వేయొచ్చని మా సారు చెప్పారు. బొగ్గు మండుతుంది కదా! ఎండాకాలం రోడ్డు అంటుకోదా?
– ఏడో తరగతి విద్యార్థి, తాండూరు

అడగాల్సిన ప్రశ్నే. ముందు పొయ్యి సంగతి చూద్దాం. కట్టెలోంచి వేడికి ఆవిర్లు బయటికొస్తాయి. మనకు మంటగా కనిపించేది అవి మండటమే. అవి అయిపోయాక నిప్పులు మిగులుతాయి. గాలి తగులుతుంటే ఆ నిప్పులు బూడిదవుతాయి, తగలకుండా మూసేస్తే ఆరి బొగ్గవుతాయి. పంటకట్టెను ఇలా గాలి అందీ అందకుండా కాల్చి తీసిన బొగ్గే బయోచార్. హైదరాబాద్‌లో మెట్టసేద్యంపై పరిశోధించే 'క్రీడా' సంస్థ 200 లీటర్ల నూనె డ్రమ్ముతోనే ఇందుకు బట్టీ తయారుచేసి పత్తి, కంది, ఆముదం, మక్క కట్టెలను కాల్చి చూసింది. అయితే ఆ బొగ్గు పొలంలో వేయడానికి, రోడ్డుకు కాదు.

ఇక అంటుకోవడం మాట. బొగ్గు రాజుకోవాలంటే కొన్ని వందల డిగ్రీల వేడి, దాంతోపాటు గాలి ఉండాలి. మే నెల మధ్యాహ్నం డాంబరు రోడ్డు 60 డిగ్రీల దాకా కాగుతుంది, అంతే. పైగా పిండిలా నూరిన బొగ్గు రేణువు ప్రతిదాని చుట్టూ డాంబరు పూత ఉంటుంది, గాలి చొరబడదు. ఆ మాటకొస్తే డాంబరూ మండేదే, అయినా ఎండకు అంటుకోవడం లేదు కదా. జాగ్రత్త అవసరమయ్యేది రోడ్డు మీద కాదు, బొగ్గు తయారుచేసే చోట. పూర్తిగా చల్లారకముందే కుప్పపోస్తే లోపల వేడి పెరిగి రాజుకోవచ్చు. అందుకని నీళ్లు చల్లి ఆర్పుతారు. కానీ ఆ తడి పూర్తిగా ఆరాలి. సుమారు 160 డిగ్రీల డాంబరులో తడి బొగ్గు పడితే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై నురగ పొంగుతుంది.

ఇంత శ్రమ దేనికి? నాపరాళ్ల లారీలు, సిమెంటు బండ్లు తిరిగే తాండూరు దారులు చూడు. ఎండకు డాంబరు మెత్తబడుతుంది. బరువైన చక్రాలు ఒకే జాడలో పోతుంటే అక్కడ కుంగి గాడి పడుతుంది. బొగ్గు నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. డాంబరులోని పలుచని నూనె భాగాన్ని అవి కొంత పీల్చుకుంటాయి, మిగిలింది చిక్కబడుతుంది. వేడిలో తొందరగా జారదు. అలాగని ఎక్కువ వేస్తే చలికి పెళుసెక్కి పగులుతుంది. కలిపి వదిలేసినా అడుగుకు దిగిపోతుంది, ట్యాంకులో కలియబెడుతూనే ఉండాలి.

ఎంత పడుతుంది? మూడున్నర మీటర్లకు కాస్త పైన వెడల్పున్న ఊరి రోడ్డుకు 30 మిల్లీమీటర్ల పొర వేస్తే, కిలోమీటరుకు సుమారు 260 టన్నుల మిశ్రమం కావాలి. అందులో డాంబరు వందకు ఐదు పాళ్లు, అంటే 13 టన్నులు. దానిలో పదో వంతు బొగ్గు అనుకుంటే టన్నుంపావు పైచిలుకు. నాలుగైదు టన్నుల ఎండుకట్టె కాలిస్తే వస్తుంది. పొలంలో తగలబెడితే గాలిలో కలిసే కార్బన్‌లో దాదాపు సగం ఇలా బొగ్గులో నిలుస్తుంది. నన్నడిగితే పత్తికట్టెనే వాడాలంటాను. కందికట్టె ఇంకా చాలా ఇళ్లలో పొయ్యికి పనికొస్తోంది.

పంటల నుంచి వచ్చేవాటిని డాంబరులో కలపడం మన దేశంలో మొదలైంది. 2024 డిసెంబరులో నాగపూర్–మన్సర్ బైపాస్‌పై అలాంటి రోడ్డును ప్రారంభించారు. అయితే అక్కడ కలిపింది బొగ్గు కాదు, కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. వికారాబాద్, తాండూరు వైపు గుంతలన్నిటికీ ఎండే కారణం కాదు. అడుగున నల్లరేగడి ఉన్నచోట వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, దానితోపాటే పైపొర పగులుతుంది. ఆ పగుళ్లలో నీళ్లు దిగితే కంకర లేచిపోతుంది. పైపొరలో బొగ్గు దాన్ని ఆపలేదు. అక్కడ నేలలో సున్నం కలిపి గట్టిపరచాలి, రోడ్డు పక్కన కాలువ తీయాలి.