ట్రాక్ మీద బ్రేకు ఎందుకు మెత్తబడుతుంది?

కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి ముందు కొత్త బండికి పూజ చేయించడం మన వైపు అలవాటు. అక్కడి నుంచి చిత్తూరు మీదుగా మద్రాసు దారి పడితే, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. ట్రాక్ డే నాడు రోజూ తిరిగే సొంత కారునే అక్కడ వేగంగా నడపవచ్చు. ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి చురుకైన కారుకు ఇంజను బలం చాలు. ముందు చూసుకోవాల్సింది బ్రేకులు.

ఎందుకు? వేగం మూడింతలైతే కారులోని గతిశక్తి తొమ్మిదింతలవుతుంది. 150 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపితే, 50లో ఆపినప్పటి కంటే తొమ్మిది రెట్ల శక్తిని బ్రేకులు వేడిగా మార్చాలి. ప్రతి మలుపు దగ్గరా ఇదే పని! డిస్కు చల్లారే వ్యవధే ఉండదు. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉంటే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి మాత్రం కుంచించుకుపోతుంది. అందుకే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. ఇది నిజంగా ప్రమాదం.

కాబట్టి ముందే కొత్త ఆయిల్ పోయించి, గొట్టాల్లో గాలి తీయించి, ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్లు వేయిస్తారు. టైర్లలో గాలి ఒత్తిడీ వేడికి పెరుగుతుంది; కొన్ని ల్యాపులయ్యాక కొలిచి సరిచేస్తారు. చివరి ల్యాపు మాత్రం నిదానంగా, బ్రేకు పెద్దగా తొక్కకుండా నడపాలి. తగిలే గాలికి డిస్కులు చల్లారతాయి.